సర్పంచులు లేని రెండేళ్లలో ఒక ఎమ్మెల్యే ఊళ్లకు పంపిన ‘నెల కాగితం’

2024 ఫిబ్రవరి 1తో తెలంగాణలో సర్పంచుల ఐదేళ్ల గడువు ముగిసింది. మర్నాటి నుంచి గ్రామ పంచాయతీలు స్పెషల్ ఆఫీసర్ల కిందికి వెళ్లాయి. ఆ జులైలో ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యుల కాలమూ అయిపోయింది. 2025 జనవరిలో చాలా మున్సిపాలిటీల పాలకవర్గాలూ దిగిపోయాయి. జనం ఓటేసి గెలిపించిన మనుషుల్లో, ఎంపీని పక్కన పెడితే, నియోజకవర్గంలో మిగిలింది ఎమ్మెల్యే ఒక్కరే. వీధి లైటు నుంచి గల్ఫ్‌లో చనిపోయిన మనిషి శవం దాకా అన్ని అర్జీలూ ఒకే గుమ్మానికి రావడం మొదలైంది.

పాత కరీంనగర్ జిల్లాలో ఒక ఎమ్మెల్యే కార్యాలయంలో అర్జీలు, సమాచారం చూసే పని నాది. అంతకుముందు ఒక దినపత్రికకు మండల విలేకరిగా చేశాను. ఆ రెండేళ్లలో మేం నెలనెలా నియోజకవర్గానికి పంపిన నివేదిక గురించి ఇక్కడ రాస్తున్నాను. ఊళ్లలో దాన్ని ‘నెల కాగితం’ అనేవారు, నేనూ అలాగే అంటాను. నియోజకవర్గం పేరు, పార్టీ పేరు చెప్పడం లేదు. చెబితే చదివేవాళ్ల దృష్టి పని మీద ఉండదు, పార్టీ మీదికి పోతుంది. ఇదే పనిలో ఉన్నవాళ్లకు, కొత్తగా దిగబోయేవాళ్లకు ఉపయోగపడాలన్నది నా ఉద్దేశం.

అంతకుముందు ఏం పంపేవాళ్లం

ఏ ఎమ్మెల్యే ఆఫీసు నుంచైనా ఏదో ఒకటి బయటికి పోతూనే ఉంటుంది. పెళ్లిలో అక్షింతలు, చావింట్లో పరామర్శ, సీసీ రోడ్డుకు కొబ్బరికాయ, కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీ. మండలానికో వాట్సాప్ గ్రూపు, ఊరికో గ్రూపు, యూత్‌కు వేరే గ్రూపు. పొద్దున్నే గుడ్‌మార్నింగులు, దేవుడి బొమ్మలు, వాటి మధ్యలో మా ఫొటో. ఈ ఫొటోలను నేను తీసిపారేయను. తమ ఇంటి చావుకు ఎమ్మెల్యే వచ్చి పది నిమిషాలు కూర్చున్నాడంటే ఆ కుటుంబానికి అది చిన్న విషయం కాదు. కానీ కొబ్బరికాయ కొట్టిన రోడ్డు తర్వాత ఏమైందో ఆ ఫొటోల్లో ఎక్కడా దొరకదు. కావాల్సినవాళ్లు ఆఫీసుకు రావాలి. వస్తే పీఏ ‘సార్ చూస్తున్నారు’ అంటాడు. వారం తిరక్కుండా ఆ మనిషే మళ్లీ వస్తాడు.

పొద్దున ఆఫీసు ముందు కూడే జనంలో కొత్త అర్జీ తెచ్చినవాళ్ల కంటే పాత అర్జీ సంగతి కనుక్కోవడానికి వచ్చినవాళ్లే ఎక్కువని తొందరగానే అర్థమైంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక ఈ రాకపోకలు ఇంకా పెరిగాయి. టికెట్టు లేకపోయినా ఆ రోజు కూలి మాత్రం పోతుంది. వీళ్లలో చాలామందికి ఆ పూట కావాల్సింది పని జరగడం కూడా కాదు, పని ఎక్కడ ఆగిందో తెలియడం. అది చెప్పడానికి మనిషిని ఊరి నుంచి రప్పించాల్సిన పని లేదు.

అర్జీల పుస్తకం

ముందు చేసిన పని అర్జీల పుస్తకం తిరగేసి మూడు కుప్పలు పోయడం. ఎమ్మెల్యే సంతకంతో కదిలేవి ఒక కుప్ప. సీఎం రిలీఫ్ ఫండ్‌కు సిఫార్సు, నిమ్స్‌లో చికిత్సకు ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం చెల్లిస్తుందని ఆస్పత్రికి ఇచ్చే హామీ పత్రం), నియోజకవర్గ అభివృద్ధి నిధుల నుంచి పనికి ప్రతిపాదన ఇందులోకి వస్తాయి. ఇక్కడ కూడా ఆయన సంతకంతో ఫైలు బయల్దేరుతుందంతే, మంజూరు ఇంకొకరిది. రెండో కుప్ప, ఆయన ఫోన్ చేస్తే వేగం పెరిగేవి: ట్రాన్స్‌ఫార్మరు, ఆర్టీసీ బస్సు ట్రిప్పు, పాసుబుక్కులో తప్పుల సవరణ. నిర్ణయం మాత్రం ఆ శాఖ అధికారిది. మూడో కుప్ప, చట్టం ప్రకారం ఎమ్మెల్యేకు సంబంధమే లేనివి. వీధి దీపాలు, మోరీలు, చెత్త ట్రాక్టరు, ఇంటి నంబరు, ఇంటి పన్ను పుస్తకంలో పేరు మార్పు. అన్నీ పంచాయతీ పనులే. ఆ రెండేళ్లలో అన్నిటికన్నా పెద్ద కుప్ప ఇదే.

ఒక్క సమస్యలోనే రెండు మూడు శాఖలు ఉంటాయి. నల్లాలో నీళ్లు రాలేదంటే ట్యాంకు దాకా మిషన్ భగీరథవాళ్లది, ట్యాంకు నుంచి ఇంటి నల్లా దాకా పంచాయతీది. కరెంటు స్తంభం కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌ది, దానికి వేలాడే బల్బు పంచాయతీది. రోడ్డు ఆర్‌అండ్‌బీదా, పంచాయతీరాజ్‌దా, జాతీయ రహదారా అన్నది గుంతలో బండి పడ్డవాడికి ఎలా తెలుస్తుంది? తెలియక రాంగ్ ఆఫీసుకు వెళ్తాడు. ‘మాది కాదు’ అంటారు. ఎవరిదో చెప్పరు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ పెడితే అది తిరిగి తిరిగి మళ్లీ మండలానికే వస్తుంది.

కాగితం ఈ ఒక్క అవసరం చుట్టూ కట్టాం. ప్రతి అంశంలో ఏం అడిగారు, అది ఇప్పుడు ఏ ఆఫీసులో ఉంది, ఏ దశలో ఉంది, మళ్లీ ఎప్పుడు కబురు చెబుతాం. ఈ నాలుగూ లేని అంశాన్ని ఎక్కించలేదు. ఎమ్మెల్యే హాజరైన కార్యక్రమాలకు కాగితంలో చోటే లేదు, అవి ఫొటోల గ్రూపుల్లో ఎలాగూ వస్తాయి.

పాత పద్ధతిలో ఒక వార్త ఇలా ఉండేది: ‘ఎమ్మెల్యే గారి ప్రత్యేక చొరవతో గ్రామ ప్రజల చిరకాల వాంఛ నెరవేరనుంది. చెరువు కట్ట రోడ్డు నిర్మాణానికి ప్రతిపాదనలు పంపడంపై ప్రజలు హర్షం వ్యక్తం చేశారు.’ అదే రోడ్డు నెల కాగితంలో ఇలా వచ్చింది: ‘చెరువు కట్ట రోడ్డు పంచాయతీరాజ్ శాఖది. ఎస్టిమేట్ తయారై ఈఈ ఆఫీసులో ఉంది. డబ్బు మంజూరు కాలేదు. ఈ వానాకాలం లోపల రోడ్డు పడదు. గుంతల్లో మొరం పోయించమని ఏఈకి చెప్పాం. వచ్చే నెల మళ్లీ చెబుతాం.’ (ఈఈ అంటే ఆ శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, ఏఈ అంటే ఆయన కింది ఇంజినీరు.)

‘ఈ వానాకాలం లోపల రోడ్డు పడదు’ అన్న వాక్యం మీద మా ఆఫీసులో పెద్ద చర్చే జరిగింది. ఓట్లప్పుడు వేయిస్తానన్న రోడ్డును ఇప్పుడు పడదని మనమే రాసి పంచడమేమిటన్నారు. ఎమ్మెల్యే కూడా ఒక పూట టెన్షన్ పడ్డారు. రోడ్డు పడదన్న సంగతి ఊళ్లో అందరికీ ఎలాగూ తెలుస్తుంది, వానలు పడగానే తెలుస్తుంది. మన నోటి నుంచి ముందు వినడమా, బురదలో నిలబడి మనల్ని తిడుతూ తెలుసుకోవడమా అన్నదే ప్రశ్న. వాక్యం ఉంచాం. ఆ ఊరివాళ్లు కోపంగా ఫోన్లు చేశారు, మొరం ఎప్పుడు పోస్తారని అడిగారు. పడని రోడ్డు గురించి కాకుండా పడగలిగే మొరం గురించి అడగడం మాకు పనికొచ్చింది. ఏఈని రోజూ గుర్తుచేయడానికి ఊరివాళ్లే దొరికారు.

కాగితం ఎలా చేరేది

ఏ4 సైజు, రెండు వైపులా. మండలానికో రకం, ఎందుకంటే పక్క మండలం మోరీ గురించి ఎవరూ చదవరు. రేషన్ షాపు, పాల కేంద్రం, వ్యవసాయ సహకార సొసైటీ, బస్టాండు దగ్గర చాయ్ హోటలు, ఇవీ అతికించే చోట్లు. పంచాయతీ ఆఫీసు గోడను వదిలేశాం. అది సర్కారు గోడ. పార్టీ మనిషి కాగితం దాని మీద కనిపిస్తే అవతలి పక్షం అభ్యంతరం చెబుతుంది, ఇబ్బంది పడేది పంచాయతీ కార్యదర్శి.

వాట్సాప్‌లో కాగితం ఫొటో పెడితే ఎవరూ చదవలేదు. అక్షరాలు టైపు చేసి పంపితే కొందరు చదివారు. అందరికీ చేరింది మాత్రం ఎమ్మెల్యే గొంతుతో పంపిన వాయిస్ మెసేజ్. నాలుగు నిమిషాలు దాటకుండా, తన మాటతీరులోనే. రాసిచ్చింది చదవనివ్వలేదు, అంశాలు ముందుపెట్టి మాట్లాడించాం. పీఏ గొంతుతో పంపి చూస్తే స్పందన సగం కూడా లేదు. ముసలివాళ్లు మనవళ్ల ఫోన్లో విని ‘మొన్న పెద్దసారు మా బోరు ముచ్చట చెప్పిండు’ అని ఆఫీసుకొచ్చి మరీ చెప్పేవాళ్లు. తర్వాత గ్రూపులు వదిలి వాట్సాప్ ఛానెల్‌కు మారాం. ఛానెల్లో చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. ఆడవాళ్లు చేరడం అప్పటి నుంచే పెరిగింది. ఈ చిన్న సంగతిని చాలా ఆఫీసులు పట్టించుకోవు.

సొంత మనుషుల అడ్డు

కాగితానికి ఎదురు అవతలి పార్టీ నుంచి వస్తుందనుకున్నాం. వాళ్లు ఒకటి రెండు నెలలు వెటకారం చేసి ఊరుకున్నారు. అసలు అడ్డు మా మండల, గ్రామ నాయకుల నుంచి వచ్చింది. ఈ కేసు నుంచి ఎవరైనా ఒక్క ముక్క తీసుకెళ్లాలంటే ఇదే తీసుకెళ్లమంటాను.

ఊరి నాయకుడికి జీతం లేదు. జెండా మోస్తాడు, జనాన్ని మీటింగుకు తెస్తాడు, సొంత డబ్బుతో పెట్రోలు పోయిస్తాడు. అతనికి మిగిలేది ఒక్కటే: ఊళ్లో ఎవరి పని ఎక్కడ ఉందో తనకు తెలుసు, తనను అడగాలి. ‘నేను సార్‌తో మాట్లాడిన, నీ పేరు లిస్టుల ఉన్నది’ అని ఒక ముసలమ్మతో అనగలగడమే అతని పరపతి. సమాచారం అతని కొట్లో సరుకు. దాన్ని మేం గోడకు అతికించి ఊరికే పంచుతున్నాం. ‘అన్నా, అన్నీ మీరే చెప్తే మా ఇంటికి ఎవరొస్తరు?’ అని ఒక నాయకుడు నన్ను నిలదీశాడు. అడగడంలో తప్పేమీ లేదు.

ఇందులో ఇంకో కోణం ఉంది. సమాచారం దాచి పెట్టినచోట డబ్బు చేతులు మారుతుంది. లిస్టులో పేరు ఎక్కిస్తానని, చెక్కు తొందరగా తెప్పిస్తానని. అందరూ అలాంటివాళ్లు కాదు. కానీ ఫలానా పథకానికి ఎవరికీ పైసా ఇవ్వాల్సిన పని లేదని కాగితంలో రాసిన నెల కొన్ని ముఖాలు మాడిపోయాయి.

నాయకులను దూరం చేసుకుని ఏ ఎమ్మెల్యే బతకలేడు, ఈయనా అంతే. అందుకని ఒక ఏర్పాటు చేశాం. కాగితం బయటికి రావడానికి ఒక రోజు ముందు నాయకులకు చేరుతుంది. ఊళ్లో చదివి వినిపించేది వాళ్లే. తప్పులుంటే ఆ రోజే చెప్పాలి, సరిదిద్ది అచ్చు వేస్తాం. ఈ సరిదిద్దే పని నిజంగా పనికొచ్చింది. లైటు వెలిగిందని అధికారి చెబితే, వెలగలేదని ఊరి నాయకుడు ఫోన్లో వీడియో తీసి పంపేవాడు. కొందరికి ఈ కొత్త పాత్ర నచ్చింది. కొందరికి నచ్చలేదు. పెద్ద పేరున్న ఒక మండల నాయకుడు ఆఫీసుకు రావడమే తగ్గించాడు, ఇప్పటికీ అంతే. ఆ ఖర్చు లేకుండా ఈ పని అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అధికారులు

ఏ ఆఫీసులో ఆగిందో రాయడం అధికారులకు వేలెత్తి చూపినట్టు అనిపించింది. ఏఈలు, ఎంపీడీవోలు గుర్రుమన్నారు. వాళ్ల ఇబ్బందీ నిజమే. స్పెషల్ ఆఫీసరుగా ఉన్న మనిషికి చూసే ఊళ్లు ఒకటి కంటే ఎక్కువ, పైన సొంత శాఖ పని. ఎన్నికైన పాలకవర్గాలు లేనందున కేంద్రం నుంచి ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోయాయి. బల్బు కొనడానికి పంచాయతీ ఖాతాలో డబ్బు లేదు. చాలాచోట్ల కార్యదర్శులు జేబులోంచి పెట్టి నడిపించారు.

అందుకే పేర్లు రాయలేదు, హోదా మాత్రమే రాశాం. అచ్చుకు రెండు రోజుల ముందు ప్రతి ఆఫీసుకూ ఫోన్ చేసి, మీ గురించి ఈ వాక్యం వెళ్తోంది, మార్పు ఉందా అని అడిగాం. తేదీ ఇస్తే తేదీ వేశాం. ఇవ్వకపోతే ‘తేదీ ఇవ్వలేదు’ అని వేశాం. ఆ రెండు మాటలు చేసిన పని ఎమ్మెల్యే సమీక్షా సమావేశంలో గట్టిగా అరిచినా జరగదు. డబ్బులేక ఆగినదాన్ని డబ్బులేక ఆగిందనే రాశాం, అధికారి మీదికి తోయలేదు. ఇది గమనించాక ఎంపీడీవోలే ‘మా బిల్లులు ట్రెజరీలో ఆగిన సంగతి కూడా వేయండి’ అని అడిగేదాకా వచ్చింది.

ఇందిరమ్మ ఇళ్లు

2025లో అన్నిటికంటే ఎక్కువ ఫోన్లు దీని మీదే. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఇంటికి రూ.5 లక్షలు, దశలవారీగా. అడిగినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. ఎల్1, ఎల్2, ఎల్3 అని మూడు జాబితాలు: సొంత స్థలం ఉండి ఇల్లు లేనివాళ్లు, స్థలమూ ఇల్లూ లేనివాళ్లు, మిగతావాళ్లు. తొలి విడత స్థలం ఉన్నవాళ్లకే. ఈ ఒక్క ముక్క ఊళ్లలో సరిగ్గా చేరలేదు. ఎల్2లో ఉన్న అత్యంత పేదవాళ్లు తమ పేరు ఎవరో కొట్టేశారని నమ్మారు. జాబితాల అర్థం చెప్పడానికి ఒక నెల కాగితం మొత్తం ఖర్చుపెట్టాం.

ఇక కట్టడం మొదలయ్యాక అసలు తంటా కొలతల దగ్గర వచ్చింది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. మనవాళ్లు ఇల్లంటే ఒక్కసారి కట్టేది, కొడుకు పెళ్లయితే ఇంకో గది కావాలి అని ఆలోచిస్తారు. బేస్‌మెంట్ కొంచెం జరిపి పోస్తారు. ఫొటో తీసి యాప్‌లో ఎక్కించేటప్పుడు కొలత దాటితే బిల్లు ఆగిపోతుంది. అప్పుడు అప్పు తెచ్చి ఇటుక కొన్న మనిషి ఎమ్మెల్యే దగ్గరికి వస్తాడు, ఎమ్మెల్యే చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకని ముగ్గు పోయకముందే చదవాలని ఎర్ర అక్షరాలతో వేశాం, మేస్త్రీలకు విడిగా వాయిస్ పంపాం. ఇంటి యజమాని కంటే మేస్త్రీకి చెప్పడమే ఎక్కువ ఫలించింది. ఒక మేస్త్రీ చేతిలో ఊళ్లో సగం ఇళ్లుంటాయి.

యూరియా ఆగస్టు

2025 వానాకాలంలో యూరియా కరువు మా కాగితానికి అసలు పరీక్ష. దిగుమతులు తగ్గాయి, రామగుండం ప్లాంటు కొన్నిసార్లు ఆగింది, వరి, మక్క రెండూ ఒకేసారి ఎరువు అడిగే వేళ. సొసైటీల ముందు తెల్లవారుజామున చెప్పుల లైన్లు. రూ.266.50 పెట్టే 45 కిలోల బస్తా కోసం ఆడవాళ్లు పిల్లలను వెంటేసుకుని నిలబడ్డారు.

నెలకోసారి కబురు ఇక్కడ పనికిరాదు. రోజూ రాత్రి ఒకే ఒక మెసేజ్‌కు మారాం. రేపు ఏ సొసైటీకి లోడు వస్తుంది, ఎన్ని బస్తాలు, ఒక్కొక్కరికి ఎన్ని, టోకెన్లు ఎన్నింటికి. మండల వ్యవసాయాధికారి, సొసైటీ కార్యదర్శి ఇద్దరూ సరే అంటేనే పంపేవాళ్లం. లోడు బయల్దేరిందన్న మాట మీద పంపలేదు, ఎందుకంటే లారీ దారి మళ్లడం మామూలు. ఎక్కడా రావడం లేదంటే అదే పంపాం: ‘రేపు మన మండలంలో ఏ సొసైటీకీ యూరియా లేదు. లైన్లో నిలబడొద్దు.’

ఈ మెసేజ్ ఎమ్మెల్యే పేరుతో పోవడం రాజకీయంగా ఎంత చేదో ఊహించుకోండి. అవతలివాళ్లు స్క్రీన్‌షాట్ తీసి ‘యూరియా లేదని ఎమ్మెల్యేనే ఒప్పుకున్నాడు’ అని తిప్పారు. అది నిజమే కాబట్టి ఖండించలేదు. లేని రోజున ఉత్తి లైన్లు మాత్రం తగ్గాయి. ఏఈవోలు (వ్యవసాయ విస్తరణాధికారులు) ఇదే మెసేజ్‌ను రైతుల గ్రూపుల్లోకి పంపడం మొదలుపెట్టారు. అంతకుమించి గొప్పలు చెప్పుకోవడానికి లేదు. సమాచారం ఒక్క బస్తా కూడా పుట్టించదు. పొట్టకొచ్చే వరికి అందాల్సినప్పుడు ఎరువు అందని రైతులు ఆ సీజన్లో మా దగ్గరే ఉన్నారు, వాళ్ల కోపం మా మెసేజ్‌లతో చల్లారలేదు, చల్లారకూడదు కూడా.

ఊరి కబుర్లు, గల్ఫ్ ఫోన్లు

కాగితం రెండో వైపు కింద ఊరి కబుర్లకు చోటు ఉంచాం. జాతర తేదీ, వడ్ల కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారు, కంటి పరీక్షల క్యాంపు, పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన సర్కారు బడి పిల్లలు. చాలామంది ముందు ఇదే చదివి తర్వాత పైకి వెళ్తారని హోటల్లో కూర్చుని చూస్తే తెలిసింది.

చికిత్స సాయం పొందినవాళ్ల పేర్లు వేయలేదు. రిలీఫ్ ఫండ్ చెక్కు పట్టుకున్న ఫొటో కింద జబ్బు పేరు రాయడం చాలాచోట్ల అలవాటు. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఇంట్లో క్యాన్సర్ ఉందని ఊరంతటికీ చాటడం సాయం కాదు. ఎన్ని చెక్కులు వచ్చాయి, ఏ నెలలో పెట్టిన దరఖాస్తులవి అన్నంత వరకే చెప్పాం. తమ వంతు ఎప్పుడో లెక్క వేసుకోవడానికి మిగతావాళ్లకు అది చాలు.

కాగితాన్ని అక్షరం వదలకుండా చదివేవాళ్లు దుబాయ్, మస్కట్, దమ్మామ్ లేబర్ క్యాంపుల్లో ఉన్నారు. ఇంటి నుంచి ఫార్వర్డ్ అయిన వాయిస్ విని, రాత్రి డ్యూటీ దిగాక మా నంబరుకు మెసేజ్ పెట్టేవాళ్లు. ‘మా గల్లీల లైటు వెలిగిందన్నరు, మా అమ్మ వెలగలేదంటున్నది’ అని. ఊళ్లో మనిషి మొహమాటపడి అడగనిది వీళ్లు అడిగేస్తారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియా గురించి, దానికి కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలన్న సంగతి, కావాల్సిన కాగితాలు వేసిన నెల, ఆ సంచిక మా నియోజకవర్గం దాటి ఎక్కడెక్కడికో వెళ్లింది. పక్క జిల్లాల నుంచి ఫోన్లు వచ్చాయి. 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకే వర్తిస్తుందని అంతకుముందే మనిషిని పోగొట్టుకున్న ఇళ్లకు చెప్పడం ఈ ఉద్యోగంలో నాకు కష్టమనిపించిన పని.

కోడ్ వచ్చినప్పుడు

2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది. 2025 మొదట్లో పట్టభద్రులు, టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికలకు మళ్లీ కోడ్. సెప్టెంబరు చివర్లో స్థానిక ఎన్నికల షెడ్యూలు ఇచ్చారు, అక్టోబరులో హైకోర్టు స్టేతో ఆగిపోయింది, నవంబరు 25న మళ్లీ ఇచ్చారు. కోడ్ ఉన్నప్పుడు కాగితం ఆపేశాం. కొత్త మంజూరు ఏదీ లేకుండా ఉత్త సమాచారం ఇస్తే తప్పేమిటని కొందరు వాదించారు. తప్పు కాకపోవచ్చు. ఎమ్మెల్యే బొమ్మ ఉన్న కాగితం రేషన్ షాపు గోడ మీద ఉంటే అది ఉత్త సమాచారమా, ప్రచారమా అన్నది తేల్చేది మనం కాదు. ఆఖరి సంచికలో ‘కోడ్ ముగిసేదాకా రాదు’ అని తేదీతో చెప్పి ఆపడమే మేలు. చెప్పకుండా ఆపితే కాగితం పోయిందనుకుంటారు.

డిసెంబరు తర్వాత

2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల్లో పోలింగ్ జరిగింది. నెలాఖరులోపు కొత్త సర్పంచులు కుర్చీల్లో కూర్చున్నారు. పార్టీ గుర్తులు లేని ఎన్నికైనా ఎవరు ఎవరి మనిషో ఊరికి తెలుసు. మా ఎమ్మెల్యేకు గిట్టనివాళ్లూ చాలా ఊళ్లలో గెలిచారు.

మా దగ్గరున్న పంచాయతీ అర్జీలన్నీ ఊరివారీగా విడదీసి, ఏది ఏ దశలో ఉందో రాసి, ప్రతి కొత్త సర్పంచికీ ఒక కట్ట ఇచ్చాం. పక్షం చూడలేదు. అవతలి పక్షం సర్పంచులు మొదట అనుమానంగా తీసుకున్నారు, తమ మెడకు చుట్టడానికి ఇస్తున్నారనుకున్నారు. ఒకరిద్దరు తిరగేసి చూసి, ఇందులో డబ్బు లేక ఆగినవి ఎన్ని అని అడిగారు. అడగాల్సిన ప్రశ్న అదే. మా వైపు సర్పంచులు కొందరు మాత్రం, లైటు వెలిగిన వార్త ఇకపై తమ పేరుతో రావాలని పట్టుబట్టారు. వాళ్లకు ఇచ్చిన జవాబు: లైటు ఇక మా కాగితంలో రాదు, మీరే మీ ఊళ్లో చెప్పుకోండి.

ఇప్పుడు కాగితం ఒకే వైపుకు తగ్గింది. రోడ్లు, కరెంటు, ఇళ్లు, చెక్కులు, అసెంబ్లీలో అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు ఉంటాయి. పంచాయతీ అంశాల్లో మిగిలింది ఒక్కటే, పాత సర్పంచులు అప్పు తెచ్చి చేసిన పనుల పెండింగ్ బిల్లులు. ‘ఆర్థిక శాఖ దగ్గర ఉంది. తేదీ ఇవ్వలేదు’ అని నెలనెలా అదే వాక్యం వస్తోంది. మార్పు లేనిదాన్ని ఎందుకు వేయడం, తీసేద్దామని ఎమ్మెల్యే అన్నారు. బిల్లు రానివాళ్లు కాగితంలో ముందు వెతికేది ఆ వాక్యమేనని నేను చెప్పాను. ప్రస్తుతానికి ఉంచాం.